పద్దెనిమిది దాటిన కొడుకు, ఇంట్లో రోజూ తగవు

1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండితే కొడుకు పెద్దవాడే. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టమూ అతణ్ణి పోషించే బాధ్యతను మైనారిటీ తీరేదాకానే పెట్టింది. అయితే ఇంట్లో తింటూ మాట వినని పంతొమ్మిదేళ్ల కుర్రవాడి గొడవ చట్టంతో తీరేది కాదు.

మదనపల్లెలో 1895లో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి చిన్నతనంలో ఆయన విషయమై తండ్రి నారాయణయ్య కోర్టుకే వెళ్లారు. ఇద్దరు కొడుకులను వాళ్లను పెంచుతున్న దివ్యజ్ఞాన సమాజ నాయకురాలు అనీబిసెంట్ నుంచి తిరిగి ఇప్పించాలన్న దావాలో 1913లో మద్రాసు హైకోర్టు ఆయన పక్షానే తీర్పిచ్చింది. 1914లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాన్ని కొట్టేసింది. పిల్లల ఇష్టం ఏమిటో కనుక్కోలేదని కూడా తప్పుపట్టింది. ఇళ్లలోని తగవుల్లోనూ సాధారణంగా ఎవరూ అడగనిది ఆ ప్రశ్నే.

అడిగితే వచ్చే జవాబు తరచూ పనికి వెళ్లడమే కావచ్చు. పుంగనూరు, కుప్పం వాళ్లకు బెంగళూరు దగ్గర. కుర్రవాడు చదువు మానేసి అక్కడ పనికి పోతానంటే అదంతా తిరుగుబాటే అనుకోనక్కర్లేదు. అద్దె, భోజనం, రానుపోను ఖర్చు అతని చేతే కాగితం మీద రాయిస్తే గంట వాదనలో తేలనిది తేలుతుంది. నియమాలు రెండు మూడు చాలు: ఆలస్యమైతే ఫోను చేయడం, తాగి బండి నడపకపోవడం, సంపాదిస్తుంటే ఇంటి ఖర్చులో వాటా. జుట్టు మీద, బట్టల మీద పోరు పెట్టుకుంటే వీటికి విలువుండదు. కొట్టడం, నిద్రాహారాలు మానడం, చస్తాననడం వేరే సంగతి. అప్పుడు మానసిక వైద్యుణ్ణి కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.