అమ్మమ్మ వేసవి: అప్పగించడంలో ఉన్న ఎదుగుదల

వ్యక్తిత్వ వికాసంపై వచ్చే రచనలు చాలావరకు చదువులోను ఉద్యోగంలోను పైకి రావలసిన యువతను ఉద్దేశించినవి కావడంతో, డెబ్బై ఏళ్లు దాటిన గృహిణి దినచర్య నుంచి నేర్చుకోదగినదేదో ఉందన్న ఆలోచన పాఠకులకు సులభంగా కలగదు. మనిషి ఎదుగుదల యౌవనంతో ముగిసిపోదని మనోవిశ్లేషకుడు ఎరిక్ ఎరిక్సన్ 1950లో వెలువరించిన గ్రంథంలో ప్రతిపాదించి, జీవితాన్ని ఎనిమిది దశలుగా విభజించాడు. వాటిలో ఏడవ దశకు ఆయన చెప్పిన ముఖ్యగుణం తర్వాతి తరాన్ని తీర్చిదిద్దాలన్న తపన కాగా, ఎనిమిదవ దశకు చెప్పినది సమగ్రత, అంటే గడిచిన జీవితాన్ని దాని మంచిచెడ్డలతో సహా తనదిగా అంగీకరించగలగడం. ఈ రెండు గుణాలూ రోజువారీ పనిలో ఎలా రూపుదిద్దుకుంటాయో గ్రహించడానికి ఎన్టీఆర్ జిల్లా తిరువూరు ప్రాంతపు అమ్మమ్మల వేసవి జీవితం ఎంతో ఉపకరిస్తుంది.

ఎండను బట్టి నడిచే క్రమశిక్షణ

తెలంగాణలోని ఖమ్మం జిల్లాకు సరిహద్దున ఉన్న తిరువూరు 2022 ఏప్రిల్ వరకు కృష్ణా జిల్లాలో భాగం. నూజివీడు, విస్సన్నపేటలతో కలిసి మామిడి తోటలకు పేరుపొందిన మెట్ట ప్రాంతమిది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెతను అక్షరాలా అనుభవించే ఈ నేలపై, వేసవి పెద్దవాళ్లకు విశ్రాంతి కాలం కానే కాదు. తెల్లవారకముందే వాకిట కళ్లాపి చల్లి ముగ్గు వేయడం, ఎండ ముదరకముందే మేడ మీద వడియాలు పెట్టడం, మాగాయకు ఉప్పులో ఊరిన మామిడి ముక్కలను ఎండలో వేసి సాయంత్రానికి మళ్లీ వాటి నుంచి దిగిన ఊటలోకి చేర్చడం, మధ్యాహ్నం వసారాలో నడుం వాల్చి, పొద్దు వాలగానే వాకిట నీళ్లు చల్లడం అనే క్రమంలో అమ్మమ్మ తన రోజును ఎండకు అనుగుణంగా మలుచుకుంటుంది. తన చేతిలో లేని పరిస్థితిని నిందిస్తూ కూర్చోకుండా, అందులో ఏ గంట ఏ పనికి అనువైనదో గుర్తించి శక్తిని పొదుపుగా వాడుకోవడమే ఈ దినచర్య నేర్పే తొలి పాఠం.

చేతికి మాత్రమే తెలిసిన విద్య

ఈ జీవనంలోని నేర్పు అంతా ఆవకాయ పెట్టేటప్పుడు కళ్లకు కడుతుంది. తొలకరి పడకముందే టెంక ముదిరిన పుల్లని కాయలు ఎంచి, కడిగి, తడి లేకుండా తుడిచి, టెంకతో సహా ముక్కలు కొట్టించి, జీడి తీసి, లోపలి పొరను గుడ్డతో ఒత్తి తుడిచిన తరువాతే ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వులనూనె ముక్కలకు పట్టిస్తారు. మూడవ రోజున జాడీ వాసెన విప్పి తిరగగలిపేటప్పుడు అసలు పరీక్ష ఎదురవుతుంది. ఉప్పు వల్ల ముక్కల్లోంచి దిగిన నీటిని ఊట అంటారు. ఆ ఊట ఎంత దిగింది, ఉప్పు సరిపోయిందా, నూనె ముక్కల మీదికి తేలిందా అన్నది చూసి, వేలితో రుచి చూసి, తక్కువైనదాన్ని కలుపుతారు. ఉప్పు తగ్గినా, తడి తగిలినా బూజు పడుతుంది గనుక ఆ ఒక్క పూట చూపిన శ్రద్ధ మీదే ఏడాది నిల్వ ఆధారపడి ఉంటుంది.

మనిషికి తెలిసినదంతా మాటల్లో చెప్పడం సాధ్యం కాదని తత్త్వవేత్త మైకేల్ పొలానీ వివరించిన అవ్యక్త జ్ఞానం ఇటువంటిదే. అంటే సూత్రాలుగా రాయడానికి లొంగకుండా, చేసేవారి పక్కన ఉండి చేస్తూ నేర్చుకుంటే మాత్రమే అబ్బే తెలివి. కొలతలు పుస్తకంలో రాసుకోవచ్చు గాని, ‘ఇంకాస్త ఉప్పు పడుతుంది’ అనే తీర్పు మాత్రం జాడీ దగ్గర కూర్చున్నవారికే వస్తుంది.

మారిన కుటుంబం, మారవలసిన పాత్ర

కూతుళ్లు, కోడళ్లు, మనవలు అందరూ ఒకే ఇంట చేరి వేసవి గడిపిన రోజుల్లో ఈ విద్యను తర్వాతి తరానికి అప్పగించడం ప్రత్యేక ప్రయత్నం లేకుండానే జరిగిపోయేది. పిల్లలు విజయవాడ, హైదరాబాదులలోను విదేశాలలోను స్థిరపడ్డాక, ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండవ వారం దాకా ఉండే బడి సెలవుల్లో సైతం శిక్షణ తరగతులు చేరాక, అమ్మమ్మగారింట మనవలు గడిపే కాలం కొద్ది రోజులకు కుదించుకుపోయింది. పచ్చడి పార్సిల్లో వెళుతోంది, పలకరింపు వీడియో కాల్‌లో సాగుతోంది. మనవల పెంపకం కోసం అమ్మమ్మే నగరంలోని అపార్టుమెంటుకు తరలిపోయి, వాకిలి, పెరడు, ఇరుగుపొరుగు లేని చోట కొత్తగా కుదురుకోవలసి రావడం కూడా నేడు సర్వసాధారణమైంది.

ఇటువంటి మార్పు ఎదురైనప్పుడు పాత పెత్తనాన్ని పట్టుకొని వేలాడటం ఒక ప్రమాదమైతే, ‘ఇంక నాతో ఎవరికి పని’ అని ముడుచుకుపోవడం మరొక ప్రమాదం. తనే చేయడం మానకుండానే చేయించడం నేర్చుకోవడం, కోడలి కొలత తన కొలతకు భిన్నంగా ఉన్నా ఆమె చేతికి గరిటె ఇవ్వగలగడం పరిణత వ్యక్తిత్వపు లక్షణాలు. అయితే ఈ పరిణతిని పొగిడే కుటుంబం దాని వెనుక ఉన్న శ్రమను కూడా లెక్కలోకి తీసుకోవాలి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, వేతనం లేని ఇంటి పనిలో పాల్గొన్న స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. అమ్మమ్మ చేతి రుచిని కొనియాడుతూ కాయలు తుడవడానికి చేయి కలపని కొడుకులు, మనవలు ఆమెను గౌరవిస్తున్నట్లు చెప్పుకోవడానికి వీలులేదు.

ఆచరణకు దారి

అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవుష్ 20 ప్రశ్నలతో జరిపిన అధ్యయనంలో, తమ కుటుంబ చరిత్ర ఎక్కువగా తెలిసిన పిల్లల్లో ఆత్మగౌరవం, జీవితం తమ అదుపులో ఉందన్న నమ్మకం అధికంగా కనిపించాయి. ఆ వివరాలను బట్టీ పట్టిస్తే ఇది సిద్ధించదని, వాటిని కలబోసుకునే అనుబంధమే ముఖ్యమని కూడా ఆ పరిశోధకులు గుర్తుచేశారు. కలిసి చేసే పని అటువంటి సంభాషణకు సహజమైన సందర్భం అవుతుంది. మాగాయ ముక్కలు తిరగేస్తూ అడిగిన ప్రశ్నకు వచ్చినంత నిండైన జవాబు, ఫోనులో క్షేమ సమాచారాల మధ్య రాదు.

అందువల్ల ఎదగాలనుకునే యువతీయువకులు వేసవిలో కనీసం కొన్ని రోజులు పెద్దల పక్కన పనివారిగా నిలబడి, ఒక్క విద్యనైనా మొదటి నుంచి చివరి దాకా వారి కళ్లముందే చేసి, తప్పులు దిద్దించుకోవాలి. పెద్దలు కూడా ఏటా ఒక పని బాధ్యతను పూర్తిగా మరొకరికి అప్పగించి, అడిగితే తప్ప జోక్యం చేసుకోకుండా ఉండే సంయమనాన్ని అలవరచుకోవాలి. నేర్చుకునేవారికి ఓర్పు, నేర్పేవారికి విశ్వాసం ఏకకాలంలో పెరిగే సాధన ఇంతకుమించి మరొకటి దొరకదు. కుటుంబం ఎన్ని ఊళ్లకు చెదిరినా ఈ సాధన సాగినంత కాలం తరాల మధ్య బంధం తెగదు.