కొరియా బడిలో ఇంగ్లిష్ టీచరు

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లిష్ మెథడ్‌తో బి.ఎడ్. చేసింది. దక్షిణ కొరియా బడిలో టీచరుగా వెళ్తానంటోంది. అక్కడ పని ఎలా ఉంటుంది? మనవాళ్లను తీసుకుంటారా?

జవాబు: ప్రభుత్వ బడుల్లోకి విదేశీ టీచర్లను తీసుకునే ‘ఎపిక్’ పథకం అక్కడ 1995లో మొదలైంది. ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో గుమ్మం దగ్గర బూట్లు విడిచి లోపలి చెప్పులు తొడుక్కోవడంతో రోజు మొదలవుతుంది. ప్రాథమిక బడిలో పీరియడ్ 40 నిమిషాలు. ఇంగ్లిష్ మూడో తరగతి నుంచి. వారానికి 22 పీరియడ్ల దాకా ఉండొచ్చు.

క్లాసులో పక్కనే కొరియా టీచరు ఉంటారు. వ్యాకరణం, క్రమశిక్షణ సాధారణంగా ఆ టీచరు బాధ్యత, పిల్లలతో మాట్లాడించడం విదేశీ టీచరు వంతు. ఇద్దరికీ పొసగకపోతే విదేశీ టీచరు పాఠం చదివి వినిపించే ఉత్త టేప్ రికార్డరే!

మధ్యాహ్నం గళ్ల స్టీలు పళ్లెంలో అన్నం, సూప్, కూరలు, కిమ్చి అనే పులియబెట్టిన కూరగాయల పచ్చడి. ఆ కిమ్చిలో తరచూ పులియబెట్టిన రొయ్యలో చేప రసమో కలుస్తుంది. శాకాహారులు ముందే అడగాలి. పిల్లలు వెళ్లాక నాలుగున్నర దాకా బల్ల దగ్గరే పాఠాల తయారీ.

ఇక వీసా. ఇంగ్లిష్ బోధించే ఇ-2 వీసా ప్రధానంగా అమెరికా, బ్రిటన్ వంటి ఏడు దేశాల పౌరులకే. అయితే 2010లో అమలైన భారత్-కొరియా ఆర్థిక ఒప్పందం డిగ్రీ, టీచరు అర్హత ఉన్న భారతీయులకు సహాయ ఇంగ్లిష్ టీచరుగా దారి తెరిచింది. దారి ఇరుకే. ఏ ఏజెంటుకైనా డబ్బు కట్టకముందే కొరియా రాయబార కార్యాలయంలో నిబంధనలు కనుక్కోండి.