పల్లెకు వచ్చు వ్యవసాయ విద్యార్థులు: సంఘ సభ్యుల కర్తవ్యము



వ్యవసాయ కళాశాలలో చదువు విద్యార్థులు తమ నాలుగవ సంవత్సరమున కొంతకాలము పల్లెలలో నుండి, రైతులతో కూడ పొలములలో పనిచేయవలెనను నియమము గలదు. ఈ గ్రామీణ అనుభవమును పట్టపు చదువులో చేర్చవలెనని 1992లో రంధావా సంఘము సిఫారసు చేసెను. 2015లో దీనినే పరిశ్రమలలోని శిక్షణతో కలిపి ‘స్టూడెంట్ రెడీ’ అను పేర విస్తరింపజేసిరి. ఆచార్య ఎన్.జి. రంగా విశ్వవిద్యాలయము ఆంధ్రప్రదేశ్‌లోను, ప్రొఫెసర్ జయశంకర్ విశ్వవిద్యాలయము తెలంగాణలోను ఇట్లు విద్యార్థులను పంపుచున్నవి.

మా గ్రామమునకును ఒక యేడు విద్యార్థులు వచ్చిరి. ఇల్లిల్లు తిరిగి పశువులను, బావులను లెక్క వ్రాసికొనిరి. రచ్చ కడ ముగ్గుపిండితో గ్రామపటము వేసిరి. గడువు తీరగనే వెడలిపోయిరి. వారిని తప్పుపట్టుట న్యాయము కాదు. వారు మనలను నూరు ప్రశ్నలడిగిరి. మనము వారిని ఒక్కటియు అడుగలేదు. అప్పు తెచ్చి ఎరువు కొను రైతు తన సందేహమును తీర్చుకొనదగిన అవకాశము చేజారిపోయినది. మరల అట్లు జరుగకుండుటకై ఈ పాఠము.

1. ప్రశ్నను మనమే ఏర్పరచవలెను.

విద్యార్థులు రాకమునుపే సంఘ సమావేశమున ఒక ప్రశ్నను నిర్ణయింపుడు. అది చిన్నదిగాను, ఒక్క పంటకాలములో తూచి చూడదగినదిగాను ఉండవలెను. ఉదాహరణకు: “ఏటేట వరికి డి.ఏ.పి. వేయుచున్నాము. మన నేలకు ఇంకను అంత భాస్వరము కావలయునా?”

2. మట్టిని సరిగా తీయవలెను.

గట్లప్రక్కను, చెట్లనీడను, పెంటకుప్ప లుండిన చోటను మట్టి తీయరాదు. పొలములో వంకరటింకరగా నడచుచు 10 మొదలు 15 చోట్ల, 15 సెంటీమీటర్ల లోతున, పలుగుతో గుంట చేసి ప్రక్కమట్టిని పైనుండి క్రిందివరకు సమముగా గీకి తీయవలెను. అంతయు కలిపి, నాలుగు భాగములుచేసి, ఎదురెదురు భాగములు రెండు పారవేయవలెను. అరకిలో మిగులువరకు ఇట్లే చేసి, నీడను ఆరబెట్టి పరీక్షకు పంపవలెను.

3. ఒక్క భేదము మాత్రమే ఉండవలెను.

20 సెంట్ల మడిని నడుమ గట్టువేసి రెండుగా విభజింపుడు. ఒక భాగమున 5 కిలోల డి.ఏ.పి. వేయుడు. రెండవ భాగమున ఊరక మానిన పరీక్ష చెడును. ఏలయన, డి.ఏ.పి.లో నూటికి 46 పాళ్లు భాస్వరముతో పాటు 18 పాళ్లు నత్రజనియు గలదు. 5 కిలోలలో 900 గ్రాముల నత్రజని యుండును గనుక, దానికి బదులు రెండవ భాగమున 2 కిలోల యూరియా వేయవలెను. అందు నత్రజని 920 గ్రాములు. ఇప్పుడు రెంటికిని భాస్వరమొక్కటియే భేదము. విత్తనము, నాటు దినము, నీరు, పైపాటు ఎరువులు సమానముగా నుండవలెను. ఒక మడి ఫలితము నేలగుణముచేత మోసగింపవచ్చును. కనుక ముగ్గురు రైతుల పొలములలో చేయుట మేలు. 10 సెంట్లలో దిగుబడి తగ్గినను నష్టము స్వల్పము.

4. ఆరినపిదప తూచవలెను.

నూటికి 22 పాళ్లు తేమగల 100 కిలోల ధాన్యము, తేమ 17 పాళ్లకు దిగువరకు ఆరినచో సుమారు 94 కిలోలే యగును. కావున రెండు భాగముల ధాన్యమును వేరువేరుగా నూర్చి, ఒకే తేమకు ఆరబెట్టి, ఒకే కాటాపై తూచవలెను. కోతకు ముందే విద్యార్థులు వెడలిపోవచ్చును; తూచి వారికి తెలుపు భారము సంఘముదే.

భాస్వరము నేలలో నిలువ యుండు గుణము గలది. కనుక ఒక్క యేటి ఫలితమునుబట్టి పొలమంతట ఎరువు మానరాదు. మట్టి పరీక్షను, మడి ఫలితమును కలిపి చూచి, మరుసటి యేడును చేసి నిశ్చయింపవలెను.

5. సంఘ వ్యాపారమునకును ఈ పద్ధతియే.

ప్రభుత్వ కొనుగోలులో వరిధాన్యమునకు తేమ హద్దు 17 శాతము. మన కొనుగోలు కేంద్రమందలి తేమ యంత్రము సరిగా చూపుచున్నదా యని ఒకే నమూనాను పలుమార్లు పెట్టియు, వేరొక యంత్రముతో పోల్చియు విద్యార్థులు చూడగలరు. విత్తనపు గోదాములో ఒక్కొక్క బస్తావరుస నుండి నూరు గింజలు తీసి తడిగుడ్డలో మొలక చూడగలరు. ధ్రువీకరణ విత్తనమునకు మొలక వరిలో 80, వేరుసెనగలో 70 శాతమునకు తగ్గరాదు. విత్తిన తరువాత తెలిసిన లోపము రైతుకు పంటనష్టము. ముందుగా తెలిసినది సంఘమునకు కొద్దిపాటి శ్రమ.

విద్యార్థి పరీక్షా విధానమును ఎరుగును. రైతు తన నేలను ఎరుగును. రెండును కలిసిన చోటనే ఫలము. లెక్కలను దాచక చెప్పుడు. ఫలితమును, అది మన యూహకు విరుద్ధమైనను, సంఘపు పుస్తకమున వ్రాయుడు.

సమావేశమున చర్చింపవలసిన ప్రశ్నలు

(1) ఈ యేడు మన గ్రామపు ముఖ్య సందేహ మేది?
(2) పరీక్షకు 20 సెంట్లు ఇచ్చు సభ్యులు ముగ్గు రెవరు?
(3) విద్యార్థులు వెడలినపిదప తూకము వ్రాయువా రెవరు?