ఆలకించు చెవి

1935వ సంవత్సరమున ఇంగ్లండు దేశములోని లింకన్ నగరమున చాడ్ వారా అను యువకుడు సహాయ మతగురువుగా పనిచేయుచుండెను. ఆయన జరిపించిన మొదటి అంత్యక్రియ ఒక చిన్న బాలికది. ఈడు వచ్చునపుడు శరీరమున సహజముగా కలుగు మార్పును ఆమె భయంకరమైన వ్యాధియని భ్రమించినది. ఎవరిని అడుగవలెనో తెలియక, ఆ భయమును తనలోనే దాచుకొని, తుదకు తన ప్రాణమును తానే తీసికొన్నది. “ఇది వ్యాధి కాదు, తల్లీ!” అని చెప్పువారొక్కరున్నను ఆ బాలిక బ్రతికియుండెడిదేమో! ఈ సంగతి వారా మనస్సున ములుకువలె నాటుకొనెను.

పదునెనిమిదేండ్లు గడచెను. 1953లో ఆయన లండను నగరమున ఒక చర్చికి గురువై, నిరాశలో మునిగినవారెవరైనను తనతో మాటాడవచ్చునని ప్రకటించి, అందులకు ఒక టెలిఫోను ఏర్పాటు చేసెను. వచ్చువారి సంఖ్య దినదినము పెరిగెను. తమ వంతు వచ్చువరకు వారికి తేనీరిచ్చి, తోడుగా కూర్చుండుటకు కొందరు సేవకులు ముందునకు వచ్చిరి. వారు వైద్యులు కారు, సామాన్యులు. అయినను వారితో మనసు విప్పి మాటాడిన పలువురు, వారాను చూడకయే తేలికపడిన హృదయముతో ఇండ్లకు మరలిపోవుచుండిరి. బాధపడువానికి ఉపదేశము కన్న ముందు కావలసినది ఓపికతో ఆలకించు చెవి యని వారా గ్రహించెను. 1954లో ఆ పనిని సేవకులకే అప్పగించెను. “సమారిటన్స్” సంస్థ ఇట్లు స్థిరపడెను. మన దేశమున 1986లో డాక్టరు లక్ష్మీ విజయకుమార్ మద్రాసులో “స్నేహ” అను సంస్థను స్థాపించి, ఇట్టి సేవనే ప్రారంభించిరి.

మలేరియా, క్షయలవలె ఆత్మహత్యయు ప్రజారోగ్య సమస్యయే. 2021లో ప్రపంచమున 7 లక్షలకు పైగా జనులు ఇట్లు మరణించిరనియు, 15 మొదలు 29 ఏండ్లవారి మరణకారణములలో ఇది మూడవదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. ఇది పిరికితనము కాదు, కుటుంబమునకు కళంకమును కాదు. ఇట్టి ప్రయత్నము చేసినవారు తీవ్రమైన మనోవేదనలో నున్నట్లు భావించి, వారికి సంరక్షణ కల్పింపవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది.

పరీక్ష తప్పిన మిత్రుడు ఎవరితోను కలియక, తాను బ్రతికి ప్రయోజనము లేదని పలికినచో, ఆ మాటను పరిహాసముగా త్రోసివేయరాదు. “చనిపోవలెనని తోచుచున్నదా?” అని మృదువుగా అడుగవచ్చును. అడిగినంతమాత్రమున ఆ తలంపు పుట్టదు. దాగిన బాధ వెలికివచ్చును. ఎవరికిని చెప్పవద్దని అతడు కోరినను ఇట్టి రహస్యమును దాచరాదు. వెంటనే తలిదండ్రులకో, ఉపాధ్యాయునికో తెలుపవలెను. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన “టెలి మానస్” సేవకు 14416 అను నంబరున రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగుననే మాటాడవచ్చును.

తప్పిన పరీక్షను మరల వ్రాయవచ్చును. పోయిన ప్రాణము మరల రాదు. లింకన్ బాలికకు దొరకని ఆ చెవి, ప్రక్క బల్లపై కూర్చున్న మిత్రునికైనను దొరకవలెను.