తెర మీది చుక్కల లెక్క

కంప్యూటరులోని విడి భాగాలన్నింటినీ ఒక్క తాటి మీద నడిపించే మూల కార్యక్రమాల సముదాయాన్ని నిర్వహణ వ్యవస్థ అంటారు. విండోస్, ఉబుంటు మొదలైనవి ఈ కోవకు చెందినవి. పాత వ్యవస్థను తొలగించి కొత్తదానిని స్థాపించిన తరువాత, యంత్రం మొదటిసారి మేల్కొన్నప్పుడు చాలామందికి ఒక వింత దృశ్యం ఎదురవుతుంది. అక్షరాలు అవసరానికి మించి పెద్దవిగా, అంచులు చెరిగిపోయినట్లుగా ఉంటాయి. మనుషుల ముఖాలు పక్కలకు సాగి కనిపిస్తాయి. తెరుచుకున్న పెట్టె అడుగుభాగం తెర దాటి కిందికి పోవడం వల్ల ‘సరే’ అనే మీట ఎక్కడున్నదో అంతుపట్టదు. అమరికలలోకి వెళ్లి చూస్తే 800 × 600, 1024 × 768 వంటి రెండు మూడు కొలతలు తప్ప మరేవీ కనిపించవు. మానిటరు చెడిపోయిందని కొందరు, కొత్త వ్యవస్థే పనికిరానిదని మరికొందరు అప్పటికప్పుడు తీర్పు చెబుతారు. ఈ రెండు తీర్పులూ సాధారణంగా సరైనవి కావు.

ఈ చిక్కును గురించి తెలుసుకోవలసిన అవసరం ఇప్పుడు మునుపటికంటే పెరిగింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ అందిస్తూ వచ్చిన సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాని తరువాతి వ్యవస్థ అయిన విండోస్ 11 కొత్త తరం ప్రాసెసరును, టీపీఎం 2.0 అనే భద్రతా సాధనాన్ని కోరుతుంది. ఈ రెండూ లేని పాత యంత్రాలు ఇళ్లలోను, కళాశాలల ప్రయోగశాలలలోను ఇంకా ఉన్నాయి. వాటిని పారవేయడం ఇష్టం లేనివారు ఉబుంటు వంటి లినక్స్ వ్యవస్థలను స్థాపించుకుంటున్నారు. తెర మసకగా ఉన్నదన్న ఒక్క కారణంతో, మరికొన్నేళ్లు చక్కగా పనిచేయగల యంత్రాన్ని మూలన పడవేయడం ఎంత నష్టమో వేరుగా చెప్పనక్కరలేదు.

తెర మీది బొమ్మను చుక్కల ముగ్గుతో పోల్చవచ్చు. ముంగిట ముందుగా చుక్కలు పెట్టి, వాటిని ఆధారం చేసుకొని ముగ్గు వేయడం మనకు తెలిసినదే. తెర మీద కూడా ఇటువంటి చుక్కలే వరుసలు తీరి ఉంటాయి. ఒక్కొక్క చుక్కను పిక్సెల్ అంటారు. అడ్డంగా ఎన్ని చుక్కలు, నిలువుగా ఎన్ని వరుసలు ఉన్నాయో చెప్పే లెక్కే రిజల్యూషన్. 1920 × 1080 అంటే వరుసకు 1920 చుక్కల చొప్పున 1080 వరుసలు, మొత్తం 20,73,600 చుక్కలు. 1024 × 768లో ఉన్నవి 7,86,432 మాత్రమే. అంటే మొదటిదానిలో సగం కూడా లేవన్నమాట.

పూర్వం వాడుకలో ఉన్న కాథోడ్ కిరణ నాళపు మానిటర్లకు ఈ విషయంలో కొంత వెసులుబాటు ఉండేది. ఎలక్ట్రాన్ పుంజం తెరను ఎన్ని గీతలుగా స్కాన్ చేయాలన్నది మార్చుకొనే వీలుండడం వల్ల, అవి వేర్వేరు కొలతలను దాదాపు సమానమైన తేటదనంతో చూపగలిగేవి. నేటి ద్రవస్ఫటిక తెరకు ఆ వీలు లేదు. దాని చుక్కలు కర్మాగారంలోనే శాశ్వతంగా అమరిపోతాయి. 1920 చుక్కలున్న వరుస మీద 1024 చుక్కల బొమ్మను పరచవలసి వచ్చినప్పుడు, బొమ్మలోని ఒక్కొక్క చుక్క తెర మీద 1.875 చుక్కల మేర విస్తరించాలి. చుక్కను ముక్కలు చేయడం సాధ్యం కాదు కనుక, పక్కపక్క చుక్కల రంగులను కలిపి సరిపెడతారు. మసకదనానికి మూలం ఇదే. ఇక నిలువునా విస్తరించేది 1.406 రెట్లు మాత్రమే. అడ్డానికి ఒక లెక్క, నిలువుకు మరొక లెక్క కావడం వల్ల గుండ్రని బింబం కోడిగుడ్డు ఆకారం దాలుస్తుంది.

ఇంగ్లీషు చదివేవారికి ఈ మసకదనం కొంత చిరాకు మాత్రమే కలిగిస్తుంది. తెలుగు చదివేవారికి అర్థమే మారిపోయే ప్రమాదమున్నది. మన లిపిలో అక్షరం అంతస్తులుగా పెరుగుతుంది. ‘స్త్రీ’ అన్నప్పుడు పైన గుడిదీర్ఘం, నడుమ సకారం, కింద రెండు వత్తులు చేరుతాయి. ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’ కూడా అటువంటివే. ఈ అంతస్తులన్నీ ఇమడడానికి నిలువుగా తగినన్ని చుక్కలు కావాలి. చుక్కలు చాలనప్పుడు ముందుగా దెబ్బతినేవి వత్తులు, ఆ తరువాత అక్షరాల అడుగున ఉండే చిన్న గీతలు. ‘దార’ అంటే భార్య, ‘ధార’ అంటే ప్రవాహం. రెండింటికీ తేడా అడుగున ఉన్న ఒక చిన్న గీత మాత్రమే. మసక తెర ఆ గీతను మింగివేయగలదు. దరఖాస్తులో పేరు, ఇంటిపేరు నింపేటప్పుడు ఇటువంటి తప్పు దొర్లితే ధ్రువపత్రం మీద కూడా అదే అచ్చవుతుంది.

ఇప్పుడు అసలు కారణం దగ్గరకు వద్దాం. తెర మీద బొమ్మ రావడంలో ముగ్గురు భాగస్వాములున్నారు. బొమ్మను చూపేది మానిటరు. బొమ్మను తయారుచేసేది గ్రాఫిక్స్ సాధనం. ఆ సాధనంతో వ్యవస్థ తరఫున మాట్లాడే దుబాసి డ్రైవరు అనే కార్యక్రమం. మానిటరు తన వివరాలను తానే చెప్పుకోవడానికి 1994లో వెసా సంస్థ ఈడీఐడీ అనే ప్రమాణాన్ని రూపొందించింది. ఇది 128 బైట్ల చిన్న పత్రం. తయారీదారు ఎవరు, తయారైన సంవత్సరమేది, తెర ఎన్ని సెంటీమీటర్లు, ఏ కొలత తనకు అనుకూలం అన్న సంగతులు అందులో ఉంటాయి. దీనిని మానిటరు జాతకం అనవచ్చు. కొత్త వ్యవస్థ మేల్కొనగానే ఈ జాతకాన్ని అడిగి తెప్పించుకొని, దానికి తగిన కొలతను ఎంచుకుంటుంది. దుబాసి లేకపోయినా, జాతకం అందకపోయినా, ఏ మానిటరైనా చూపగలదని నమ్మకమున్న చిన్న కొలతతో వ్యవస్థ సరిపెట్టుకుంటుంది. లినక్స్‌లో జాతకం అందనప్పుడు సాధారణంగా 1024 × 768 కనిపించడానికి కారణమిదే. మన కంటికి లోపంగా తోచినది నిజానికి ఒక జాగ్రత్త.

కనుక చేయవలసిన మొదటి పని మరమ్మతు కాదు, విచారణ. మాట ఎక్కడ ఆగిపోయిందో తెలుసుకోకుండా వ్యవస్థను మళ్లీ మొదటినుంచి స్థాపించడం, ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం వంటిది. కావలసిన కొలత అమరికల జాబితాలో ఉంటే చిక్కే లేదు, దానిని ఎంచుకుంటే సరిపోతుంది. విండోస్ దాని పక్కన సిఫారసు చేసినట్లు సూచిస్తుంది కూడా. మార్చిన తరువాత తెర నల్లబడినా భయపడవలసిన పనిలేదు. 15 సెకన్లలో మనం ఔనని చెప్పకపోతే విండోస్ పాత కొలతకు తానే తిరిగి వస్తుంది.

జాబితాలో ఆ కొలత లేనప్పుడు ముందుగా డ్రైవరును పరిశీలించాలి. ఈ వరుసను తలకిందులు చేయరాదు. సరైన డ్రైవరు లేని స్థితిలో మానిటరు పేరు కనిపించకపోవడం సహజమే కనుక, అప్పుడు కేబుల్‌ను అనుమానించడం వృథా శ్రమ అవుతుంది. విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లో ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అన్న పేరు కనిపిస్తే, అసలు దుబాసి ఇంకా రాలేదని, తాత్కాలిక దుబాసితో పని నడుస్తున్నదని గ్రహించాలి. ఇంటర్నెట్ సౌకర్యం ఉంటే విండోస్ అప్‌డేట్ చాలాసార్లు సరైనదానిని తానే తెచ్చుకుంటుంది. లేనిపక్షంలో ఇంటెల్, ఏఎమ్‌డీ, ఎన్‌విడియా సంస్థలలో ఆ సాధనాన్ని తయారుచేసినవారి సొంత వెబ్‌సైటు నుంచి తెచ్చుకోవాలి. డ్రైవర్లన్నీ ఒకేచోట ఇస్తామనే ముక్కూమొహం తెలియని వెబ్‌సైట్ల జోలికి పోకపోవడం మేలు.

ఉబుంటులో పరిస్థితి కొంత భిన్నం. ఇంటెల్, ఏఎమ్‌డీ సాధనాలకు కావలసిన డ్రైవర్లు లినక్స్ కెర్నల్‌తోపాటే వస్తాయి. అయినా తెర మొరాయిస్తే, స్థాపన వేళ ‘సేఫ్ గ్రాఫిక్స్’ అనే మార్గాన్ని ఎంచుకున్నామేమో గుర్తుచేసుకోవాలి. ఆ మార్గం కెర్నల్‌కు ‘నోమోడ్‌సెట్’ అనే ఆదేశాన్ని ఇస్తుంది. గ్రాఫిక్స్ డ్రైవరును పక్కన పెట్టమని దాని భావం. స్థాపన ముగిసిన తరువాత కూడా ఆ మాట గ్రబ్ అమరికల ఫైలులో కొన్నిసార్లు మిగిలిపోతుంది. దానిని తొలగించి, గ్రబ్‌ను తాజా పరచి, యంత్రాన్ని మళ్లీ ప్రారంభిస్తే తెర తేటపడుతుంది.

ఎన్‌విడియా సాధనాలతో వచ్చే చిక్కు మరొక రకం. ‘అదనపు డ్రైవర్లు’ అనే విభాగం నుంచి ఆ సంస్థ డ్రైవరును స్థాపించేటప్పుడు, యంత్రంలో సెక్యూర్ బూట్ అనే కాపలా అమలులో ఉంటే వ్యవస్థ మనను ఒక సంకేతపదం అడుగుతుంది. తరువాత యంత్రం మళ్లీ మొదలైనప్పుడు నీలిరంగు తెర ఒకటి కొద్ది క్షణాలు నిలిచి, తాళంచెవిని నమోదు చేయమంటుంది. చాలామంది అదేదో లోపమనుకొని ముందుకు సాగిపోతారు. దానితో కాపలాదారు కొత్త డ్రైవరును గుర్తించక వెలుపలే నిలిపివేస్తాడు. డ్రైవరు స్థాపించినట్లే ఉంటుంది, తెర మాత్రం మారదు. స్థాపనను తిరిగి జరిపి, ఈసారి నీలి తెర మీద నమోదును ఎంచుకొని అదే సంకేతపదం ఇవ్వాలి.

డ్రైవరు సరిగానే ఉండి, అమరికలలో మానిటరు పేరుకు బదులు ‘తెలియని తెర’ అన్న అర్థమిచ్చే మాట కనిపించిందంటే, జాతకం దారిలో ఎక్కడో ఆగిపోయింది. పాత కంప్యూటర్లలో ఇందుకు తరచు కారణమయ్యేది వీజీఏ కేబుల్. ఐబీఎం సంస్థ 1987లో ప్రవేశపెట్టిన ఈ సంధానంలో 15 పిన్నులకు చోటున్నది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు 1, 2, 3 పిన్నుల గుండా ప్రవహిస్తాయి. జాతకం ప్రయాణించేది 12, 15 పిన్నుల గుండా. ఆ రెండింటిలో ఏ ఒక్కటి విరిగినా, వంగినా బొమ్మ రంగులతో సహా కనిపిస్తూనే ఉంటుంది, జాతకం మాత్రం చేరదు. బొమ్మ వస్తున్నది కదా, కేబుల్ బాగానే ఉన్నదనే నమ్మకం ఇక్కడే మోసపోతుంది. ఒక మానిటరును రెండు కంప్యూటర్లకు కలిపే స్విచ్ పెట్టెలు, నాసిరకం మార్పిడి ముక్కలు కూడా ఇదే పని చేస్తాయి. కేబుల్ మార్చి చూడడానికి పట్టే కాలం రెండు నిమిషాలు.

కేబుల్ మార్చినా ఫలితం లేకపోతే, జాతకంలో ఉండవలసిన వివరాన్ని మనమే చేతితో అందించవచ్చు. లినక్స్‌లో ‘సీవీటీ’ అనే ఆదేశానికి 1920, 1080, 60 అనే మూడు అంకెలను ఇస్తే, కావలసిన సమయసూచికను లెక్కకట్టి ఇస్తుంది. అందులో మొదట కనిపించే అంకె 173 మెగాహెర్ట్జ్. 20,73,600ను 60తో గుణిస్తే దాదాపు 12 కోట్ల 44 లక్షలే వస్తుంది, మరి 17 కోట్ల 30 లక్షలు ఎక్కడివన్న సందేహం లెక్కలు తెలిసినవారికి తప్పక కలుగుతుంది. కాథోడ్ కిరణ నాళాల కాలంలో పుంజం ఒక గీత ముగించి తరువాతి గీత మొదటికి తిరిగి రావడానికి కొంత విరామం అవసరమయ్యేది. ఆ విరామాన్ని కూడా చుక్కలలో కొలిచి లెక్కలో చేర్చారు. 1920కి బదులు 2576, 1080కి బదులు 1120 తీసుకొని 60తో గుణిస్తే సమాధానం సరిపోతుంది. తిరిగి రావలసిన పుంజమంటూ లేని నేటి తెరలకు సైతం పాతకాలపు ఆ లెక్కే అందుతున్నది.

ఇలా వచ్చిన సూచికను ‘ఎక్స్‌ర్యాండర్’ అనే ఆదేశంతో జాబితాలో చేర్చి అమలుచేయవచ్చు. అయితే ఇది ఎక్స్ అనే పాత తెర వ్యవస్థలోనే పనిచేస్తుంది, పైగా లాగవుట్ కాగానే మాసిపోతుంది. ఇటీవలి ఉబుంటు విడుదలలు వాడుతున్న వేలాండ్‌లో ఈ ఆదేశం సాగదు. అక్కడ కావలసిన కొలతను గ్రబ్ అమరికలలో కెర్నల్‌కు ముందుగానే తెలియజేయాలి. 1366 × 768 తెరలున్నవారు మరొక విషయం గమనించాలి. సీవీటీ తన లెక్కలను 8 గుణిజాలలోనే చేస్తుంది. 1366 ఆ గుణిజాలలో లేదు కనుక 1368ని ఇస్తుంది. అది చూసి తప్పు చేశామని కంగారుపడనవసరం లేదు.

తెర తేటపడిన వెంటనే ఇంట్లోని పెద్దలనుంచి వచ్చే ఫిర్యాదు ఒకటున్నది: అక్షరాలు చిన్నవైపోయాయి, మునుపటిలాగానే పెట్టమని. వారి మాటను కాదనలేక చాలామంది కొలతను మళ్లీ 1024కు దించుతారు. అప్పుడు అక్షరం పెరుగుతుంది కాని దానిని తీర్చే చుక్కలు తగ్గిపోతాయి. ఇందుకు తగిన సాధనం స్కేలింగ్. కొలతను 1920 × 1080 వద్దనే ఉంచి స్కేలింగ్‌ను 125 లేదా 150 శాతానికి పెంచితే, అంతే పెద్ద అక్షరం మరిన్ని చుక్కలతో రూపొందుతుంది. టీవీని మానిటరుగా వాడేవారికి అంచులు తెగిపోతే దానికి కంప్యూటరు బాధ్యత లేదు. బొమ్మను కొంత పెద్దదిచేసి అంచులను దాచే అలవాటు టీవీలకు ఉన్నది. బొమ్మను ఉన్నదున్నట్లు చూపే అమరికను టీవీలోనే వెతకాలి.

పని పూర్తయిందో లేదో తేల్చుకోవడానికి ఏదైనా చిత్రలేఖన సాధనంలో ఒక వృత్తం గీసి, స్కేలుతో దాని అడ్డుకొలతను, నిలువుకొలతను కొలిచి చూడండి. పిమ్మట స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, దార, ధార అనే అయిదు మాటలను మామూలు పరిమాణంలో టైపు చేసి, మీరు రోజూ కూర్చొనేంత దూరంలో కూర్చొని చదవండి.