ప్రాణం నిలిపే కత్తెర

శిశిరం ప్రవేశించగానే చెట్టు తన పండుటాకులను తానే రాల్చుకొంటుంది. గాలివానకు కొమ్మ విరగడం ప్రమాదం. ఆకు రాలడం నియమం. మన దేహంలోని కణాలు కూడా కాలం తీరగానే ఇట్లే నియమబద్ధంగా రాలిపోతాయి. 1972లో కెర్, వైలీ, కర్రీ అనే శాస్త్రజ్ఞులు ఈ మరణానికి ‘ఎపాప్టోసిస్’ అని పేరు పెట్టారు. ఆ గ్రీకు పదానికి ఆకులు రాలడమని అర్థం.

ఈ మరణాన్ని జరిపించేవి కాస్పేస్‌లు అనే ఎంజైములు. ప్రోటీన్ అమైనో ఆమ్లాలతో కూర్చిన హారం వంటిది. ఆ హారంలో ఆస్పార్టిక్ ఆమ్లం ఉన్న చోటును గుర్తించి, దాని పక్కన కత్తిరించడం వీటి పని. సాధారణంగా ఇవి నిద్రాణంగా ఉంటాయి. ఆజ్ఞ అందగానే కాస్పేస్-8 మేల్కొని కాస్పేస్-3ను మేల్కొల్పుతుంది. అది కణంలోని వందలాది ప్రోటీన్లను ఖండిస్తుంది. కణం ముడుచుకొని ముక్కలవుతుంది. ఆ శకలాలను భక్షక కణాలు మింగివేస్తాయి.

ఇంతవరకు వీటిని యమభటులని భావించడం సహజమే. అయితే 2002లో వెలువడిన ఒక పరిశీలన ఆ భావనను కదిలించింది. ఒకే కుటుంబానికి చెందిన ఇద్దరు తోబుట్టువులలో కాస్పేస్-8 జన్యువు పుట్టుకతోనే లోపభూయిష్టంగా ఉంది. చంపే ఎంజైము కొరవడితే కణాలు పేరుకొనిపోవాలి. నిజంగానే వారి ప్లీహం, శోషరస గ్రంథులు పెద్దవయ్యాయి. కాని రోగనిరోధక శక్తి పెరగలేదు సరికదా, క్షీణించింది. హెర్పిస్ వైరస్, శ్వాసమార్గ వ్యాధులు వారిని పదేపదే పీడించాయి. టీకాలకు సైతం దేహం తగినట్లు స్పందించలేదు. శత్రువు వచ్చిన సూచన అందినా వారి టి కణాలు, బి కణాలు సరిగా మేల్కొనలేకపోయాయి.

దీనికి కారణమేమి? టి కణం శత్రువును గుర్తించి, విభజన చెంది సంఖ్య పెంచుకోబోయే వేళ కాస్పేస్-8 ‘ఫ్లిప్’ అనే ప్రోటీనుతో జతకడుతుంది. ఆ సాంగత్యంలో అది విజృంభించదు. కొద్దిపాటి కత్తిరింపులతో సరిపెట్టుకొంటుంది. కణాన్ని పగులగొట్టి వాపు కలిగించే ‘నెక్రోప్టోసిస్’ అనే మరొక మరణాన్ని ఆ కొద్దిపాటి పనే అడ్డగిస్తుంది. కాస్పేస్-8 లేని ఎలుకలు పిండదశలోనే నశిస్తాయి. నెక్రోప్టోసిస్‌ను నడిపే రిప్‌కె3 అనే ఎంజైమును కూడా తొలగిస్తే అవి జీవించి పెరుగుతాయని 2011లో పరిశోధకులు నిరూపించారు. మృత్యువుకు దూతగా పేరుపడినదే మృత్యువును వాకిట నిలిపివేస్తున్నదన్నమాట!

రక్తంలోని మోనోసైట్లు మహాభక్షక కణాలుగా పరిణతి చెందడానికి కూడా కాస్పేస్-8 తోడ్పడుతుంది. కాస్పేస్-1 ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే ప్రోటీనును కత్తిరించి, జ్వరం రప్పించే సంకేతంగా మారుస్తుంది.

తోటమాలి కత్తెర తీగను మొదలంటా కోయగలదు; చివుళ్ళు తుంచి, తీగ గుబురుగా అల్లుకొనేలా చేయగలదు. కత్తెర ఒక్కటే, పరిమాణం, సమయం, సాంగత్యం మాత్రమే వేరు. కాస్పేస్‌లను అణచే ఔషధాలను రూపొందించేవారు ఈ రెండు ముఖాలనూ గమనించాలి. ఒక ముఖాన్నే చూసి అణచివేస్తే, రోగితోపాటు అతని రక్షకభటులూ నిర్వీర్యులయ్యే ప్రమాదం ఉంది.

అర్థాలు
నిద్రాణం = నిద్రలో ఉన్నది
శకలం = ముక్క
ప్లీహం = పొట్టలో ఎడమవైపు ఉండే, రక్తాన్ని వడపోసే అవయవం
సాంగత్యం = స్నేహం, కలయిక

ప్రశ్నలు
1. ‘ఎపాప్టోసిస్’ అనే పేరులోని ఔచిత్యాన్ని తెలపండి.
2. కాస్పేస్-8 లోపించిన తోబుట్టువుల స్థితి వల్ల తెలిసిన సత్యమేమి?
3. కాస్పేస్‌లను తోటమాలి కత్తెరతో పోల్చడాన్ని సమర్థించండి.