మెడ, నడుము దెబ్బలు – నష్టపరిహారం

రోడ్డు ప్రమాదం జరిగిన రోజు బాగానే ఉన్నవారికి మెడ నొప్పి మరునాడు మొదలు కావచ్చు. కండరం, డిస్కు, నరం దెబ్బతింటే ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. "ఎముక విరగలేదు కదా" అని ఊరుకోకండి. చేతులు, కాళ్ళు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, మూత్రం ఆగినా వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.

కంటికి కనిపించని దెబ్బకు కోర్టులో సాక్ష్యం ముఖ్యంగా ఆస్పత్రి కాగితాలే. కాబట్టి మొదటి రోజు నుంచే ఈ జాగ్రత్తలు పాటించండి.

1. డాక్టరుకు జరిగింది జరిగినట్టు చెప్పండి. పోలీసు కేసుకు భయపడి "మెట్ల మీద జారిపడ్డాడు" అని రాయిస్తే తరువాత క్లెయిమ్ నిలవడం కష్టం. నొప్పి ఆలస్యంగా మొదలైతే మళ్ళీ వచ్చి చీటీలో రాయించండి.

2. ఎఫ్.ఐ.ఆర్. నకలు, ఓ.పి. చీటీలు, ఫిల్ములు, డిశ్చార్జి సమ్మరీ, మందుల బిల్లులు ఒకేచోట భద్రపరచండి.

3. రోగి ఏ పని చేసేవాడో డాక్టరుకు చెప్పండి. వైకల్యం శాతం ఒక్కటే కాదు, దానివల్ల సంపాదన శక్తి ఎంత తగ్గిందో చూడాలని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒకే నడుము దెబ్బ గుమాస్తాకు వేరు, బస్తాలు మోసే హమాలీకి వేరు.

4. మీరు నివసించే ప్రాంతంలోని మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లోనే దరఖాస్తు వేయవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన సవరణ ఆరు నెలల గడువు పెట్టింది. ఆలస్యం చేయకండి.

5. ఢీకొట్టిన వాహనం దొరక్కపోయినా, తీవ్ర గాయమైతే ప్రభుత్వ పథకం కింద 50,000 రూపాయలు కోరవచ్చు.

6. ఖాళీ కాగితాల మీద సంతకం చేయకండి. లాయరు ఫీజు భరించలేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి.

కేసు నడుస్తున్నా వైద్యం, వ్యాయామం మాత్రం మాన్పించకండి.